ఆబేస్… ఆరియా

కుక్కర్లో కందిపప్పు బొగ్గయిపోయింది. ఆదిలక్ష్మమ్మ దాన్ని కుళాయి కింద పెట్టి, నీళ్ళు పోసి, కొబ్బరిపీచుతో బలంకొద్దీ తోమింది. నలుపు కదల్లేదు. గిన్నె వంక ఒకసారి, గుమ్మంలో నిలబడ్డ మొగుడి వంక ఒకసారి చూసింది. ఆ రెంటిలో దేన్ని ముందు తోమాలో తేల్చుకోలేకపోతున్న చూపు అది.

"మూడు కూతలు కుయ్యగానే పొయ్యి ఆపీమని సెప్పి మరీ ఎల్లాను కదయ్యా!" అంది.

"ఆపుదామనే కూకున్నాను," అన్నాడు వరహాలు. "కూత రాలేదు."

"రానేదా? పక్కింటి సన్నీ వాళ్ళమ్మ పరిగెత్తుకొచ్చి ఆపింది. కుక్కర్ కూసి కూసి దాని గొంతు పోనాదట. ఈదంతా ఇన్నారు. వరండాలో కూకున్న నీకు ఇనబడనేదా?"

వరహాలు భయపడింది తిట్లకి కాదు. పొద్దున్న ఆదిలక్ష్మమ్మ కర్రీ పాయింటులో పనికి వెళ్తూ తన ఎదురుగా నిలబడి చెప్పిన మాట అతనికి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని, వేరే ధ్యాస లేకుండా, ఆ కూత కోసమే కాచుకుని కూర్చున్నాడు. కూత రాలేదని ఒట్టేసి చెప్పగలడు. కానీ వీధంతా విన్నారంటే వచ్చే ఉంటుంది. వచ్చిన కూత, విన్న కూత, తన బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోయిందన్నమాట.

సబ్బవరంలో పెద్దన్నయ్య ఆఖరి రోజుల్లో ఇంతే. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో మూతి తుడుచుకుంటూనే, "నాకెవలూ కూడెట్టలేదు" అనేవాడు. ఎంత నిజాయితీగా అనేవాడంటే, వడ్డించిన వదినకే అనుమానం వచ్చేది. తర్వాత ఆ వదిననే ఎవరమ్మా నువ్వని అడిగాడు. వరహాలుకు ఆ ముఖం గుర్తొచ్చింది. గడప మీద కూర్చుండిపోయాడు.

ఇది మొదటిసారి అయితే ఎలాగో సర్దుకునేవాడు. మొన్న పెరుగు తెమ్మని చెప్పిందట, తేలేదు. అంతకు ముందు కొడుకు ఉదయ్‌కుమార్ ఫోన్లో గ్యాసు బండ వస్తుందని చెప్పాడట, తలుపు తియ్యలేదు, బండవాడు వెనక్కి పోయాడు. బెల్లు కొట్టానని వాడంటాడు. చెప్పామని వీళ్ళంటారు. ఇంతమంది అబద్ధాలాడరు కదా. పైగా ఈ మధ్య ఇంట్లో అందరూ తన ముందే గొంతు తగ్గించి గుసగుసగా మాట్లాడుకోవడం అలవాటు చేసుకున్నారు. మతి చెడ్డవాడి ముందు మనుషులు అలాగే మాట్లాడతారని అతనికి తెలుసు. అన్నయ్య ముందు తానూ అలాగే మాట్లాడాడు.

సాయంత్రం గాజువాకలో సెల్‌ఫోన్ల షాపు కట్టేసి కొడుకు మల్కాపురంలోని ఇంటికి వచ్చాడు. ల్యాబులో డ్యూటీ దిగి కోడలు హిమబిందు వచ్చింది. మాడిన గిన్నె ఇంకా కుళాయి దగ్గరే నానుతోంది. ముగ్గురూ వంటింట్లో నిలబడి మాట్లాడుకుంటుంటే వరహాలు వరండాలోంచి వాళ్ళ పెదాలు కదలడం చూశాడు. హిమబిందు రెండు సార్లు పాప వంక చూసింది. ఒకసారి కళ్ళు తుడుచుకుంది.

తర్వాత ఉదయ్‌కుమార్ వచ్చి తండ్రి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నాన్న, ఒకటో తారీకు నుంచి పాపని ప్లే స్కూల్లో ఏద్దామనుకుంటన్నాం. సాయంత్రం దాకా ఆళ్ళే సూసుకుంటారు."

"మరి నాను?"

"నువ్వు రెస్టు తీసుకో."

రెస్టు! నలభై ఏళ్ళు ఓడరేవులో ఒళ్ళు హూనం చేసుకున్నవాడికి ఆ మాటంటే ఒకప్పుడు ఎంతో తియ్యగా ఉండేది. ఇవాళ మాత్రం చేదుగా తగిలింది. ఒద్దురా అందామని నోరు తెరిచాడు. కానీ ఏమని వాదిస్తాడు? నిజంగానే మతి పోతుంటే, పిల్లని ఆ చేతుల్లో ఎవరు పెడతారు? ఇవాళ పప్పు మాడింది. రేపు ఇంకోటి జరిగితే? తానే తండ్రయినా పెట్టడు.

"అలగే బాబూ," అన్నాడు.

ఒళ్ళోని కీర్తన తాత గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. చూపుడువేలు పైకెత్తి గాల్లో సున్నా చుట్టింది. వరహాలు ఆమెను ఎత్తుకుని భుజాన వేసుకుని వీధిలోకి నడిచాడు. వేలు అలా తిరిగితే ఎత్తుకోమని. ఆ ఇంట్లో ఆ సంగతి తాతకీ మనవరాలికీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

వరహాలు రేవులో వించి నడిపినవాడు. ఇనుప తాడు చుట్టుకుంటూ విప్పుకుంటూ ఓడలోని సరుకును పైకీ కిందికీ కదిపే యంత్రం అది. దాని ముందు కూర్చున్నవాడికి ఓడ కడుపులో ఏముందో కనబడదు. అంచున నిలబడ్డ సిగ్నల్‌మ్యాన్ చేతులే వాడికి కళ్ళు. వేలు పైకి చుడితే ఎత్తాలి. కిందికి చుడితే దించాలి. అరచెయ్యి అడ్డంగా ఊపితే ఆగాలి. రెండు చేతులూ పొట్ట ముందు కలిపి పట్టుకుంటే ఎక్కడిదక్కడ ఉంచి కదలకుండా ఉండాలి. చేతులతో పాటు కేకలూ ఉండేవి. ఎత్తడానికి 'ఆబేస్', దించడానికి 'ఆరియా'. అవి ఏ దేశపు మాటలో, ఏ ఓడలో వచ్చి ఇక్కడ దిగిపోయాయో రేవులో ఎవరూ అడగలేదు. గేటు దాటితే వాటితో పని లేదు కాబట్టి వరహాలు వాటిని ఎప్పుడూ ఇంటికి తేలేదు, మనవరాలు పుట్టేదాకా.

పిల్ల మెడ నిలిపిన నాటి నుంచి, ఇంట్లో ఎవరూ లేని పగటి పూటల్లో, చేత్తో రేవు సైగలు చేస్తూ, ఆమెను ఎత్తుతూ "ఆబే…స్", దించుతూ "ఆరి…యా" అని గొణిగేవాడు. పిల్ల కిలకిల నవ్వేది. ఒకప్పుడు తువ్వాలు వెనక ముఖం దాచుకుంటే తాత ఈ లోకంలోనే లేకుండా పోయాడని ఏడుపు లంకించుకునేది. తర్వాత తువ్వాలు లాగి పారేసి నవ్వడం నేర్చింది. ఇప్పుడు తానే తువ్వాలు కప్పుకుని తాతను వెతకమంటోంది. వేళ్ళు తిప్పడం మాత్రం ఎవరూ నేర్పకుండానే పట్టేసింది. మూడో ఏడు నడుస్తున్నా నోట మాట లేదని ఇంట్లో దిగులు. వరహాలుకు ఆ దిగులు అంతగా పట్టేది కాదు. వాళ్ళిద్దరికీ మాట అవసరం పడింది ఎప్పుడు కనక?

మర్నాడు అన్నం పెడుతుంటే అతను పరీక్షగా చూశాడు. నాలుగు ముద్దలు తిన్నాక పిల్ల అరచెయ్యి అడ్డంగా ఊపింది. చాలని. తర్వాత బొమ్మను ముందు కూర్చోబెట్టి, ఖాళీ గిన్నెలోంచి ఖాళీ ముద్ద తీసి దానికి తినిపించి, మూతి తుడిచి, ఆ బొమ్మ చెయ్యి పట్టుకుని దాని చేత కూడా అడ్డంగా ఊపించింది. బొమ్మకూ కడుపు నిండింది. వరహాలు నవ్వాడు. నవ్వుతుండగానే కళ్ళు చెమ్మగిల్లాయి. పిల్లకు రోజుకో తెలివి వచ్చి చేరుతోంది. తనకు రోజుకొకటి జారిపోతోంది. ఒకే మెట్ల మీద తను దిగుతుంటే ఇది ఎక్కుతూ ఎదురుపడినట్టుంది. ఇంకొన్ని మెట్లు కలిసి ఉందామంటే ఒకటో తారీఖు వచ్చేస్తోంది.

సాయంత్రం టీ కొట్టు దగ్గర అబ్బులు కలిశాడు. అబ్బులు పాత సిగ్నల్‌మ్యాన్. వీళ్ళిద్దరూ మాట్లాడుకుంటే రోడ్డుకు అవతల ఆటోవాళ్ళు కూడా తలలు తిప్పి చూస్తారు. తమ కబుర్లు అంత బాగుంటాయి కాబోలని ఇద్దరికీ లోలోపల గర్వం.

"బావా, నాకు మతి పోతందిరా," అన్నాడు వరహాలు.

"ఏటీ?"

వరహాలు కణత దగ్గర వేలు పెట్టి, గుప్పిట తెరిచి, గాల్లోకి ఏదో వదిలేసినట్టు ఊదాడు. అబ్బులుకు అర్థమైంది.

"నీ మొకం! మనం ఎరువుల ఓడ ఎక్కినప్పుడు తాడు తెగినాది. ఆ పొద్దు మేస్త్రీ ఎవడో సెప్పు?"

వరహాలు చెప్పాడు. ఆ మేస్త్రీ ఊరు చెప్పాడు. ఆ రోజు క్యారేజీలో వాడు తెచ్చిన ఎండు నెత్తళ్ళ కూర సంగతి కూడా చెప్పాడు.

"ఇంకేటి మరి? నీ బుర్రకి తుప్పట్టలేదు బావా."

వరహాలుకు ధైర్యం రాలేదు. పెళ్ళాన్ని మరిచిపోయిన అన్నయ్య కూడా చిన్ననాటి ఎడ్ల పేర్లు ఆఖరి దాకా చెప్పాడు. అంతలో దూరాన ఓడ కూసింది. ఆ బొంగురు కూత అతనికి కడుపులోకి దిగినట్టు వినబడింది. చెవులు బంగారంలా ఉన్నాయి, బుర్రే మోసం చేస్తోందనుకున్నాడు.

ప్లే స్కూలు మేడమ్ పాపను చూసి, మాటలు ఇంకా రాలేదంటే ఒకసారి డాక్టరుకు చూపించి తీసుకురమ్మంది. పిల్లల ఎదుగుదల చూసే క్లినిక్కు ఒకటి మహారాణిపేటలో ఉందని ఎవరో చెప్పారు. తాత లేనిదే కీర్తన ఆటో ఎక్కనని మొరాయించడంతో కొడుకు, కోడలితో పాటు వరహాలు కూడా చొక్కా తొడుక్కున్నాడు. దారంతా హిమబిందు పిల్లను గుండెలకు హత్తుకునే కూర్చుంది. ఉద్యోగం చేసే తల్లుల పిల్లలకు మాటలు ఆలస్యమవుతాయని ల్యాబులో ఎవరో అన్నారట. ఆ మాట అన్నవాళ్ళకి ఇంటికెళ్ళేసరికే మరుపొచ్చి ఉంటుంది. ఈమెకు మాత్రం నిద్ర పట్టడం లేదు.

క్లినిక్కులో ఇంద్రజ గారని సైకాలజిస్టు. గోదావరి జిల్లా మనిషని మాటలోనే తెలుస్తోంది. బల్ల వెనక కూర్చోకుండా చాప మీద కూర్చుని, పాప ముందు బొమ్మలు పోసి, చూస్తూ ఊరుకుంది. పాప బొమ్మ ఏనుగును లారీలో ఎక్కించింది. ఎక్కించే ముందు వేలు పైకి చుట్టింది. దించే ముందు కిందికి చుట్టింది.

"ఇంట్లో ఏమీ మాట్లాడదా అమ్మా?"

"ఏవో శబ్దాలు చేస్తుంది మేడమ్. మాట మాత్రం ఒక్కటీ లేదు," అంది హిమబిందు.

"మరి ఈ సైగలు ఎవరు నేర్పారండీ?"

ఇంద్రజ ఆ ప్రశ్న వరహాలు ముఖంలోకి చూస్తూ అడిగింది. ఇదీ తన మీదికే వచ్చింది.

"నానేనమ్మా. ఓడ మీద సైగలు. ఆటకి సేసేవోణ్ణి, అది పట్టీసింది. దాని వల్లేనా మాట రాలేదు? తప్పు సేసానా?"

"ఎంతమాట! నోరు తిరగడానికి ముందు చెయ్యి తిరుగుతుందండీ ఎవరికైనా. వేలు పెట్టి ఏదీ చూపించని పిల్లలు వస్తే మాకు దిగులు. ఈ పిల్ల అడుగుతోంది, వద్దంటోంది, బొమ్మలకి కూడా ఆర్డర్లు వేస్తోంది. చెప్పేదంతా లోపల తయారుగానే ఉంది." హిమబిందు వైపు తిరిగి, "మీ ఉద్యోగం వల్ల ఏమీ కాలేదమ్మా, ఆ మాట మనసులోంచి తీసెయ్యండి," అంది. ఆ సంగతి హిమబిందు ఆమెకు చెప్పనే లేదు. ఇలాంటి తల్లులను ఆమె ఎందరిని చూసిందో. "అయినా ముందు పాపకు బాగా వినబడుతోందో లేదో చూద్దాం. అది తేలాకే మిగతావి."

వినికిడి పరీక్షకు అద్దాల గది ఒకటుంది. లోపల గోడలన్నీ మెత్తటి దూదిపరుపుల్లా ఉన్నాయి. కుడి మూల ఒకటి, ఎడమ మూల ఒకటి స్పీకర్లు. ఒక్కోదాని పక్కన నల్లటి అద్దాల పెట్టె. అద్దం బయట మిషను దగ్గర ఉమాశంకర్ అనే ఆడియాలజిస్టు. చిన్నపిల్లలు ఒంటరిగా కూర్చోరు కాబట్టి ఎవరో ఒకరు ఒళ్ళో పెట్టుకోవాలి. కీర్తన సంగతి తెలిసిందే. తాత ఒళ్ళే కావాలి.

"శబ్దం వస్తే పాప అటు తిరుగుతుందేమో చూస్తాం. మీరు మాత్రం చెప్పకూడదు, చూపించకూడదు. ఊరికే పట్టుకుని కూర్చోండి," అని ఇంద్రజ ఎదురుగా నిలబడి వివరంగా చెప్పి, తానూ ఒక మూల కూర్చుంది. తలుపు మూశారు.

వరహాలు నిటారుగా కూర్చున్నాడు. బుర్ర పనిచేయకపోయినా ఒళ్ళు పనిచేస్తుంది కదా, ఈ ఒక్క పనైనా సక్రమంగా చేసి పెడదామనుకున్నాడు. చాలాసేపు ఏమీ జరగలేదు. పిల్ల మాత్రం కుదురుగా లేదు. ఉన్నట్టుండి కుడివైపు తల తిప్పింది. పెట్టెలో దీపం వెలిగి కోతిబొమ్మ డప్పు కొట్టింది. పిల్ల నవ్వింది. మళ్ళీ ఎడమవైపు తిప్పింది. అక్కడా కోతి లేచింది. పిల్లను ఆడించడానికి కాబోలు, పరీక్షకు ముందు ఈ బొమ్మలాట అనుకున్నాడు. పిల్ల మళ్ళీ కుడివైపు తిరగబోతే మెల్లిగా గడ్డం పట్టి ముందుకు తిప్పాడు.

"కుదురుగా కూకో తల్లీ. ఇంక మొదలెడతారు."

అద్దం అవతల ఉమాశంకర్ మిషను మీద చెయ్యి అలాగే ఉంచి తలెత్తాడు. ఇంద్రజా అతనూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆమె లేచి తలుపు తీసింది.

"ఎప్పుడు మొదలెడతారమ్మా?" అడిగాడు వరహాలు వినయంగా.

"అయిపోయిందండీ," అంది ఇంద్రజ. "పాపకు చాలా బాగా వినబడుతోంది. అతి చిన్న శబ్దానికి కూడా తిరిగింది."

"శబ్దమా? ఏ శబ్దం?"

ఆమె చేతిలోని కాగితాన్ని ముఖానికి అడ్డం పెట్టుకుంది. వరహాలు ఆ కాగితం వంక చూస్తూ కూర్చున్నాడు. దాని మీద ఏదైనా రాసి ఉందేమో, చదవమంటోందేమో అనుకున్నాడు. ఏమీ లేదు. గుమ్మంలో నిలబడ్డ కొడుకు ముఖం ఎందుకో పాలిపోయింది. కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఇంద్రజ కాగితం దించింది. "మీ పేరు, మీ ఊరు అడిగానండీ. రెండుసార్లు."

వరహాలు ఇంక దాచి లాభం లేదనుకున్నాడు. "నాకు మతి పోతందమ్మా," అన్నాడు. "ఇన్నదంతా మరిసిపోతన్నాను. మీరడిగే ఉంటారు, నానే మరిసిపోయాను. మా అన్నయ్యకీ ఇలగే వొచ్చినాది. కుక్కర్ కూత మరిసిపోయి పప్పు మాడ్సీసాను. అందుకే పిల్లని బడిలో ఏసెత్తన్నారు. ఆళ్ళ తప్పు నేదు."

ఇంద్రజ అతని పక్కన కూర్చుంది. "కుక్కర్ కూత మీరు విని మరిచిపోయారా, అసలు వినలేదా?"

"అదే కదమ్మా తెలీట్లేదు."

"తేలుద్దాం రండి. మీ మనవరాలు భయపడకుండా చేయించుకుంది. మీరూ చేయించుకోండి."

ఈసారి ఒంటరిగా కూర్చున్నాడు. చెవుల మీద పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టారు. శబ్దం వినబడినప్పుడల్లా వేలెత్తమన్నారు. మొదట లావుపాటి శబ్దాలు వచ్చాయి. ఓడ కూతల్లాంటివి. వేలెత్తాడు. తర్వాత శబ్దాలు ఆగిపోయాయి. మిషను చెడిపోయిందేమో, పాపం ఉమాశంకర్ ఒకటే మీటలు తిప్పుతున్నాడు. అద్దం బయట నిలబడ్డ కీర్తన తాత ఎత్తిన వేలు చూసి తనూ వేలెత్తి సున్నాలు చుట్టింది.

బయటికొచ్చాక ఇంద్రజ ఒక కాగితం మీద కొన్ని మాటలు రాసి చదివించి, దాన్ని తిరిగి తీసేసుకుని, వేరే కబుర్లలో పెట్టి, చాలాసేపయ్యాక అవేమిటో చెప్పమంది. వరహాలు అన్నీ చెప్పాడు. నమ్మకం చాలక వెనక నుంచి ముందుకు కూడా చెప్పాడు.

అప్పుడామె అతని ఎదురుగా కుర్చీ లాక్కుని, నెమ్మదిగా, ప్రతి మాటా ముఖం కనబడేలా చెప్పింది.

"పెద్ద యంత్రాల హోరులో ఏళ్ళ తరబడి పనిచేస్తే ముందు సన్నటి శబ్దాలు పోతాయండీ. ఓడ కూత వినబడుతుంది. కుక్కర్ కూత వినబడదు. ఎదురుగా కూర్చున్న మగవాడి గొంతు తెలుస్తుంది. వంటింట్లోంచి పిలిచే ఆడవాళ్ళ గొంతు, పిల్లల గొంతు జారిపోతాయి. పెదాలు చూసి చాలా పోల్చుకుంటున్నారు మీరు, మీకే తెలియకుండా. వయసు మీద పడ్డాక ఒక పేరు నాలిక మీదికి రావడానికి కాస్త ఆలస్యమవుతుంది, అది ఎవరికైనా ఉండేదే. కానీ కుక్కర్ సంగతి అది కాదు. మీరు మరిచిపోలేదు వరహాలు గారూ. మీకు వినబడలేదు. వినబడని దాన్ని ఎవరు మాత్రం ఎలా మరిచిపోతారు?"

వరహాలు ఆమె పెదాల వంకే చూస్తున్నాడు. తప్పు పోల్చుకున్నానేమోనని మళ్ళీ అడిగాడు. "అంటే… నాను సెవిటోణ్ణా?"

"చాలావరకు అవునండీ."

"మతి పోనేదు?"

"నేను చూసినంతలో మతికి ఏమీ కాలేదు."

"హమ్మయ్య!" అన్నాడు. ఆ హమ్మయ్య రేవులో కేకంత గట్టిగా వచ్చింది. బయట కూర్చున్నవాళ్ళు ఉలిక్కిపడ్డారు. చెవిటివాడివని చెబితే ఇంత సంబరపడిన మనిషిని ఆ క్లినిక్కులో ఎవరూ చూసి ఉండరు. నవ్వుతున్నాడు, కళ్ళ నీళ్ళు చెంపల మీదికి వస్తున్నాయి, తుడుచుకోవడం లేదు.

"చెవుల్లో పెట్టుకోమని బిరడాలు ఇచ్చేవారు కాదా?" అడిగాడు ఉమాశంకర్.

"ఇచ్చీవోరు బాబూ. జేబులో ఎట్టుకునీవోణ్ణి. అవెట్టుకుంటే మా అబ్బులు బావ కేక ఇనబడదని!"

అందరితో పాటు తానూ నవ్వాడు. ఉదయ్‌కుమార్ మాత్రం నవ్వలేదు. తండ్రి భుజం మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు. ఇంటికి వెళ్ళే ఆటోలో కూడా తియ్యలేదు. సగం దారిలో హిమబిందు ముందుకు వంగి, మామగారికి ముఖం కనబడేలా తిరిగి, "మావయ్యా, మధ్యాహ్నం దాకే బడికి పంపుదాం. తోటి పిల్లల మాటలు చెవిన పడితే మంచిదన్నారు కదా. ఆ తర్వాత మీ దగ్గరే," అంది. అలా ముఖం కనబడేలా ఆమె మాట్లాడిన మొదటి మాట అదే. వరహాలు తలూపాడు.

ఆ రాత్రి ఆదిలక్ష్మమ్మకు సంగతంతా చెప్పారు. ఆమె నమ్మలేదు. మొగుడి వెనక్కి వెళ్ళి, "మావా," అని పిలిచింది. పెళ్ళయిన కొత్తలో పిలిచేదట అలా. పలకలేదు. మళ్ళీ పిలిచింది. అతను కీర్తన జుట్టులో చిక్కు తీసుకుంటూ కూర్చున్నాడు. ఆమె చుట్టూ తిరిగి వచ్చి అతని ముందు కూలబడింది.

"ఇన్నాళ్ళూ పిలిత్తే పలకవేటని… నా మీద ఇట్టం పోయిందనుకున్నాను," అంది. ఆ మాట అతనికి పూర్తిగా వినబడలేదు. ముఖం చూస్తే సరిపోయింది.

నాలుగు రోజులు వాడి చూడమని వినికిడి మిషన్లు ఇచ్చారు. చెవి వెనక చిక్కుడు గింజంత ఉన్నాయి. ఆదివారం పొద్దున్న పెట్టుకున్నాడు. పెట్టుకోగానే ఇల్లంతా గోలగోలగా అయిపోయింది. చీపురు ఇంత చప్పుడు చేస్తుందా? తన చెప్పులు ఇన్నాళ్ళూ ఇలా టపటపలాడుతూనే ఉన్నాయా? గోడ మీది కాకి అరిస్తే చిరాకేసి తీసిపారేద్దామనుకున్నాడు. ఆదిలక్ష్మమ్మ గాజులు గలగలమంటే మాత్రం ఆగి విన్నాడు.

వంటింట్లో కుక్కర్ పెట్టి ఆమె బయటికొచ్చింది. ఉదయ్‌కుమార్ పేపరు చూస్తున్నాడు. హిమబిందు బట్టలు మడత పెడుతోంది. కీర్తన బొమ్మను వదిలేసి తాత దగ్గరికొచ్చి, కాళ్ళ మధ్య నిలబడి, వేలు పైకెత్తి సున్నా చుట్టింది.

"ఆబే," అంది.

వరహాలు ఎత్తుకోలేదు. వేలు తిరిగాక అతను ఎత్తుకోకపోవడం అదే మొదటిసారి. పిల్లకు కోపం వచ్చింది. కాలు నేలకేసి కొట్టి, వేలు ఇంకా గట్టిగా తిప్పింది.

"ఆబేస్!"

సన్నటి గొంతు. ఇత్తడి గిన్నె మీద చెంచా తగిలినట్టుంది. ఇన్నాళ్ళూ వేలొక్కటే చూశాడు. దానితో పాటు ఈ గొంతు కూడా తనను పిలుస్తోందని తెలియదు.

"ఓలె! ఇదేటంతందో ఇన్నావా?" పెళ్ళాన్ని అడిగాడు.

"ఆఁ, ఇన్నాను. పొద్దస్తమానం అదే కూత. ఆబే ఆబే అంటాది. అర్తం పర్తం నేదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఎండలప్పటి నుంచీ."

"మరి నాతో సెప్పలేదేటి?"

"సెప్పనేదా! వంటింట్లోంచి పదిమాట్లు సెప్పాను," అంది ఆదిలక్ష్మమ్మ. "నువ్వు మరిసిపోయావనుకున్నాను."

వరహాలు మాట్లాడకుండా పిల్లను రెండు చేతులా తలపైకి ఎత్తి పట్టుకున్నాడు. అక్కడే ఆపాడు. పిల్ల కిందికి చూసి, వేలు కిందికి తిప్పి, "ఆయ్యా," అంది. తర్వాత సరిదిద్దుకుంది. "ఆరియా."

హిమబిందు చేతిలోని చొక్కా అలాగే ఉండిపోయింది. "మావయ్యా, అదేం మాట?"

"రేవు మాటలమ్మా. ఆబేస్ అంటే ఎత్తమని. ఆరియా అంటే దించమని. నానెత్తినప్పుడల్లా అనీవోణ్ణి. అది తిరిగి అంతంటే నాకు ఇనబడలేదు. మీకు ఇనబడినా అది మాటని తెలీదు." పిల్లను నేల మీదికి దించాడు. "గుంట మాటాడతన్నాదమ్మా. ఎప్పుడో మొదలెట్టీసింది. మనమే ఇన్లేదు."

హిమబిందు చొక్కా కింద పడేసి కూతురి ముందు నేల మీద కూర్చుంది. అలవాటు లేని చేత్తో వేలు పైకెత్తింది. "ఆబేస్?" అంది, పరీక్ష రాస్తున్నంత భయంగా. కీర్తన తల్లి వేలు వంక చూసింది. నచ్చలేదు. దగ్గరికొచ్చి, ఆ వేలు పట్టుకుని, మణికట్టు నుంచి ఎలా తిప్పాలో తిప్పి చూపించింది. చూపించి, రెండు చేతులూ చాచింది.

"ఆబేస్!"

తల్లి ఎత్తుకుంది. ఎత్తుకుని ముఖం పిల్ల మెడలో దాచేసుకుంది.

అప్పుడు కుక్కర్ కూసింది. ఇల్లంతా ఒక్కసారి వరహాలు వంక చూసింది. అతను తల పక్కకు వంచి వింటున్నాడు. అంత కర్ణకఠోరమైన చప్పుడును అంత ప్రేమగా విన్నవాడు మల్కాపురంలో ఇంకొకడుండడు. రెండోది కూసింది. లేచాడు. ఆదిలక్ష్మమ్మ తానూ లేవబోయి, ఎందుకో ఆగి, మళ్ళీ కూర్చుంది. మూడోది కూస్తుండగా అతను వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ఆపాడు.

తిరిగొచ్చేసరికి ఉదయ్‌కుమార్ పేపరు పక్కన పెట్టి పెళ్ళాం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. వాడి చెయ్యి కూతురి వీపు మీద ఉంది. కీర్తన తల్లి చంకనెక్కి అందరి వంకా ఒక్కొక్కరినే చూసింది. తర్వాత రెండు చేతులూ పొట్ట ముందు కలిపి గట్టిగా పట్టుకుంది.

"ఇదేటి నాన్న?" అడిగాడు ఉదయ్‌కుమార్, తండ్రికేసి తిరిగి.

"ఎక్కడోళ్ళక్కడే ఉండమంతంది," అన్నాడు వరహాలు.

అందరూ అలాగే ఉన్నారు.